కంపెనీ నమోదు పత్రాలలో తెలుగు స్థానం: అమీర్‌పేట, పంజగుట్ట ఆధారంగా ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

కంపెనీ పుట్టుక పూర్తిగా కాగితం మీద జరిగే వ్యవహారం. భవనం, యంత్రాలు, ఉద్యోగులు, సరుకు లేకపోయినా కంపెనీ ఏర్పడవచ్చు. కొన్ని నిర్ణీత వివరాలు నిర్ణీత రూపంలో అధికారి ముందు దాఖలు కాకుండా మాత్రం ఏర్పడదు. ఆ అర్థంలో కంపెనీ ఒక రచన. దానికి కర్తలు, సాక్షులు, నిర్దిష్టమైన వాక్యనిర్మాణం, భాష ఉంటాయి. శాసనాలు, కైఫీయతులు, దస్తావేజులు తెలుగు పరిశోధనలో పొందిన శ్రద్ధను ఈ రచన పొందలేదు. అందులో తెలుగు లేకపోవడమే దానికి ప్రధాన కారణం కావచ్చు. ఆ లేమి కూడా భాషాచరిత్రలో భాగమే కనుక దాన్ని పరిశీలించవలసి ఉంది.

హైదరాబాదు నడిబొడ్డున ఉన్న అమీర్‌పేట, పంజగుట్ట ఈ పరిశీలనకు అనువైన ప్రాంతాలు. కంప్యూటర్ శిక్షణ కేంద్రాలకు పేరుపొందిన ఈ రెండు కిలోమీటర్ల పరిధిలో దేశమంతటా తెలిసిన పెద్ద కంపెనీలు తమ నమోదిత కార్యాలయాలను నడిపాయి. అపార్ట్‌మెంటు గదుల్లో, మెట్ల కింద కొట్లలో చిన్న కంపెనీలూ ఇక్కడే పుడుతున్నాయి. కంపెనీ నమోదుకు చట్టం ఏయే సమాచారాన్ని అడుగుతూ వచ్చింది, ఆ సమాచారంలో తెలుగుకు ఎక్కడ చోటు దొరికింది, ఎక్కడ దొరకలేదు అన్న ప్రశ్నలకు ఈ ప్రాంతపు ఉదాహరణల ఆధారంగా సమాధానం వెదకడం ఈ వ్యాసం ఉద్దేశం.

'కుంఫిణీ' నుంచి రిజిస్టరు దాకా

తెలుగులో 'కంపెనీ' అన్న మాట మొదట పరిపాలకుల పేరుగా స్థిరపడింది. 1600 డిసెంబరు 31న రాణి ఇచ్చిన సన్నదుతో ఏర్పడిన ఈస్టిండియా కంపెనీ 1611లో మచిలీపట్నంలో వర్తక స్థావరం నెలకొల్పింది. తెలుగువారి నోట అది 'కుంఫిణీ', 'కుంపినీ' అయింది. 'కుంఫిణీవారు' అంటే వర్తకులని కాక దొరలని అర్థం స్థిరపడింది. ఆ కంపెనీకి ఆధారం రాజు ఇచ్చిన అనుమతి. ఏ గుమాస్తా దగ్గరా అది తన వివరాలు రాయించుకుని పుట్టలేదు.

ప్రజలలో ఎవరైనా నలుగురు కూడి కొన్ని వివరాలు దాఖలు చేసి కంపెనీ ఏర్పరచుకునే పద్ధతి భారతదేశంలో 1850 నాటి 43వ చట్టంతో వచ్చింది. అప్పటికి అది కలకత్తా, మద్రాసు, బొంబాయి సుప్రీంకోర్టుల పరిధిలోని వ్యవహారం. 1857 చట్టం వాటాదారుల ఋణబాధ్యతను వారి వాటాలకు పరిమితం చేసే వీలు కల్పించింది. 1866, 1882 చట్టాల తరువాత వచ్చిన 1913 చట్టం ప్రైవేటు కంపెనీ అనే విభాగాన్ని ప్రవేశపెట్టింది. రాజు అనుగ్రహానికి బదులుగా సమాచారం ఆధారమైంది. ఎవరు, ఎక్కడ, ఎందుకు, ఎంత సొమ్ముతో అన్న ప్రశ్నలకు రాతపూర్వకంగా సమాధానం చెప్పినవారికి ప్రభుత్వం కంపెనీ హోదా ఇవ్వసాగింది.

ఈ మార్పు ప్రెసిడెన్సీ నగరాలలో మొదలైంది. నమోదుకు వచ్చేవారు ఇంగ్లీషు వర్తకులు, వారితో వ్యవహరించే భారతీయులు. అందువల్ల పత్రాలు ఇంగ్లీషులో ఉండడం ఎవరికీ ప్రశ్నగా తోచలేదు. నమోదు చేసుకునేవారికి ఇంగ్లీషు వచ్చుననే ఊహ అక్కడే చట్టం లోపలికి చేరింది. 1923 నవంబరు 20న మచిలీపట్నంలో నమోదైన ఆంధ్రా బ్యాంకు విషయంలోనూ ఆ ఊహ తప్పలేదు. దాని స్థాపకుడు డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్య ఇంగ్లీషులో రాయగల విద్యావంతుడు. అధీకృత మూలధనం 10 లక్షల రూపాయలు, చెల్లించిన మూలధనం లక్ష రూపాయలుగా మొదలైన ఆ బ్యాంకు తన పేరులోనే 'ఆంధ్ర' శబ్దాన్ని నిలుపుకుంది. అయినా ఆ పేరును నమోదు చేసిన చట్టానికి తెలుగుతో పని పడలేదు.

ఒక్క చోట మాత్రం పని పడింది. 1913 చట్టం 73వ సెక్షన్ ప్రకారం ప్రతి లిమిటెడ్ కంపెనీ తన పేరును కార్యాలయం బయట ఇంగ్లీషు అక్షరాలలో రాయించాలి. హైకోర్టు మూల సివిల్ అధికార పరిధికి, అంటే ప్రెసిడెన్సీ నగరానికి, వెలుపల నమోదిత కార్యాలయం ఉంటే స్థానిక భాషల్లో ఒకదాని లిపిలో కూడా రాయించాలి. మద్రాసు నగరంలో ఇంగ్లీషు చాలు. మచిలీపట్నంలో తెలుగు అక్షరాలూ ఉండాలి. దేశభాష ఇక్కడ నగరం బయటి అవసరంగా గుర్తింపు పొందింది. కంపెనీ చట్టంలో తెలుగుకు లభించిన ఈ తొలి చోటు వీధి గుమ్మం మీద ఉంది.

నిజాం రాజ్యంలో కంపెనీ

అమీర్‌పేట, పంజగుట్ట నిజాం రాజ్యంలోనివి. అక్కడి చరిత్ర వేరుగా నడిచింది. తెలంగాణ నేలకు ఆధునిక కంపెనీ పరిచయమైన తీరు, సమాచారం దాగితే ఏమవుతుందో చెప్పే పాఠం కూడా. ఇల్లెందు ప్రాంతపు బొగ్గును తవ్వుకునే హక్కులతో 1886లో ఇంగ్లండులో హైదరాబాద్ దక్కన్ కంపెనీ నమోదయింది. మూలధనం 10 లక్షల పౌన్లు. ఒక్కొక్కటి 10 పౌన్ల చొప్పున లక్ష వాటాలు. వాటిలో 85,000 వాటాలు సొమ్ము చెల్లించినట్టుగా లెక్కకట్టి హక్కులు సంపాదించినవారికే చేరాయి. ఈ వ్యవహారం పెద్ద వివాదమై 1888లో బ్రిటిష్ కామన్స్ సభ విచారణ సంఘాన్ని నియమించింది. బొగ్గు ఇల్లెందులో ఉంది. దానిని గురించిన సమాచారం లండన్‌లో, ఇంగ్లీషులో ఉంది. గని ఉన్న ఊరివారికి తెలియడం మాట అటుంచి, వాటాలు కొన్నవారికీ అసలు లెక్క సకాలంలో తెలియలేదు.

హైదరాబాదు రాజ్యం తన సొంత కంపెనీల చట్టాన్ని 1320 ఫసలీలో, అంటే సుమారు 1910-11లో చేసుకుంది. 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ లిమిటెడ్ ఆ రాజ్యపు చట్టం కింద ఏర్పడి దక్కన్ కంపెనీ ఆస్తులనూ బాధ్యతలనూ స్వీకరించింది. 1930లో వజీర్ సుల్తాన్ టొబాకో కంపెనీ కూడా 1320 ఫసలీ నాటి చట్టం కిందనే ఏర్పడింది. నమోదు లండన్ నుంచి హైదరాబాదుకు వచ్చింది. 'సింగరేణి' అనే తెలంగాణ గ్రామనామం కంపెనీ పేరుగా మారింది. రాజ్యంలో పాలనా భాష మాత్రం ఉర్దూ. ప్రజలలో అత్యధికుల భాష అయిన తెలుగుకు నమోదు వ్యవహారంలో చోటు లేకుండానే పోయింది.

ఆ కాలపు నగరంలో తెలుగు స్థితి ఎలా ఉండేదో 1921 నవంబరు నాటి ఘటన చెబుతుంది. వివేకవర్ధినీ థియేటర్‌లో జరిగిన సంఘసంస్కార సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే సభికులు గేలిచేశారు. ఆ అవమానం నుంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది. ఆ సంఘం చేసిన పనులలో ఒకటి ఈ పరిశీలనకు నేరుగా సంబంధించినది. వర్తకుల హక్కులను వివరిస్తూ 'వర్తక స్వాతంత్ర్యం' వంటి చిన్న పుస్తకాలను తెలుగులో ప్రచురించి పంచింది. ప్రభుత్వం ఏ భాషలో ఆజ్ఞలు రాసినా, వాటికి లోబడి వ్యాపారం చేసేవారికి వాటి సారాంశం తమ భాషలో అందాలన్న అవగాహన ఆ ఉద్యమానికి ఉంది. వ్యాపార న్యాయ సమాచారాన్ని తెలుగులో అందించే సంప్రదాయానికి హైదరాబాదు నగరంలో ఇది గుర్తుంచుకోదగిన పూర్వోదాహరణ.

1951 ఏప్రిల్ 1 నుంచి పార్ట్-బి రాష్ట్రాల చట్టాల శాసనం ద్వారా 1913 నాటి భారత కంపెనీల చట్టం హైదరాబాదుకు వర్తించింది. 1956 ఏప్రిల్ 1న కొత్త కంపెనీల చట్టం అమలులోకి వచ్చింది. అదే సంవత్సరం నవంబరు 1న భాష ప్రాతిపదికగా ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. భాషా రాష్ట్రం వచ్చింది కానీ కంపెనీల నమోదు రాష్ట్రం చేతిలో లేదు. వ్యాపార సంస్థల నమోదు, నియంత్రణ, మూసివేత రాజ్యాంగం ఏడవ షెడ్యూలులోని కేంద్ర జాబితాకు చెందినవి. రాష్ట్రంలో తెలుగును అధికార భాష చేసిన 1966 చట్టం రాష్ట్ర కార్యాలయాలకు వర్తిస్తుంది. కేంద్ర కార్యాలయమైన కంపెనీల రిజిస్ట్రారుకు వర్తించదు. ఉర్దూ స్థానంలో ఇంగ్లీషు వచ్చింది. కేంద్ర అధికార భాషగా హిందీ దాని పక్కన నిలిచింది. రెండు మార్పులలోనూ తెలుగు పాత్ర లేదు.

పత్రం అడిగే సమాచారం

2013 కంపెనీల చట్టం 4వ సెక్షన్ ప్రకారం సంస్థాపన పత్రంలో ఐదు విషయాలు ఉండాలి. అవి కంపెనీ పేరు, నమోదిత కార్యాలయం ఉండే రాష్ట్రం, కంపెనీ ఉద్దేశాలు, సభ్యుల ఋణబాధ్యత పరిమితి, వాటా మూలధనం. దీనికి తోడుగా లోపలి పాలనను నిర్ణయించే నియమావళి ఉండాలి. ప్రైవేటు కంపెనీకి కనీసం ఇద్దరు సభ్యులు, ఇద్దరు డైరెక్టర్లు. పబ్లిక్ కంపెనీకి ఏడుగురు సభ్యులు, ముగ్గురు డైరెక్టర్లు కావాలి. ఒక్క వ్యక్తితో ఏర్పడే కంపెనీని కూడా ఈ చట్టం అనుమతించింది. సంస్థాపకుల పేర్లు, నివాసాలు, జాతీయత, గుర్తింపు రుజువులు, తొలి డైరెక్టర్ల గుర్తింపు సంఖ్యలు, వారి అంగీకారం, ఇతర సంస్థలలో వారికి ఉన్న ఆసక్తులు 7వ సెక్షన్ కింద దాఖలు కావాలి. చార్టర్డ్ అకౌంటెంటు, కాస్ట్ అకౌంటెంటు, కంపెనీ సెక్రటరీ, న్యాయవాదులలో ఒకరు అన్ని నిబంధనలూ పాటించినట్టు ధ్రువీకరించాలి.

ఒకప్పుడు ఈ కాగితాలన్నీ కోఠీ సుల్తాన్‌బజారులోని కేంద్రీయ సదన్‌లో ఉన్న రిజిస్ట్రారు కార్యాలయానికి చేరేవి. తరువాత ఆ కార్యాలయం నాగోలు దగ్గరి బండ్లగూడ కార్పొరేట్ భవన్‌కు మారింది. 2006లో మొదలైన 'ఎంసీఏ-21' పథకం కాగితాన్ని కంప్యూటరు తెరపైకి తెచ్చింది. 2016లో హర్యానాలోని మానేసర్‌లో ఏర్పడిన కేంద్ర నమోదు కేంద్రం దేశమంతటి దరఖాస్తులను ఒకే చోట పరిశీలించసాగింది. 2020 ఫిబ్రవరిలో వచ్చిన 'స్పైస్ ప్లస్' పత్రం పేరు కేటాయింపు, నమోదు, పాన్, టాన్, భవిష్యనిధి, ఉద్యోగుల బీమా నమోదులను ఒకచోట చేర్చింది. అమీర్‌పేటలో నింపిన పత్రం మానేసర్‌లో పరిశీలనకు వస్తుంది. ఆ ఎలక్ట్రానిక్ పత్రాల శీర్షభాగంలో భాష ఎంచుకునే గడులు రెండు ఉండేవి: ఇంగ్లీషు, హిందీ.

ఈ పత్రాలలో భాషాపరంగా ముఖ్యమైనది ఉద్దేశాల భాగం. ఇంగ్లీషు నమూనాలో క్రియ ముందు వచ్చి, దాని వెనుక సరుకులు, సేవలు, పద్ధతులు ఒకదానికొకటి తగులుకుంటూ పుటల కొద్దీ సాగుతాయి. తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది కనుక ఆ నిర్మాణాన్ని యథాతథంగా దించితే చదువరి క్రియ దగ్గరకు చేరేసరికి కర్తను మరిచిపోతాడు. కానీ ఇది తెలుగుకు సాధ్యం కాని పని కాదు. వాక్యాలుగా విడగొట్టి, అంశాలకు సంఖ్యలు వేసి రాసే పద్ధతి తెలుగు చట్టానువాదాలలో ఉంది. పదజాలం కూడా ఉంది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి కాలం నుంచి ఇంటర్మీడియట్, డిగ్రీ వాణిజ్యశాస్త్ర పాఠ్యపుస్తకాలలో 'సంస్థాపన పత్రం', 'నియమావళి', 'పరిచయ పత్రం', 'పరిమిత ఋణబాధ్యత', 'కృత్రిమ వ్యక్తి' వంటి పదాలు వాడుకలో ఉన్నాయి. తెలుగు మాధ్యమంలో వాణిజ్యశాస్త్రం చదివిన విద్యార్థి ఈ పదాలతో పరీక్ష రాసి ఉత్తీర్ణుడవుతాడు. తానే ఒక కంపెనీ పెట్టుకునే నాడు వాటిలో ఒక్క పదమూ అతనికి ఎదురుకాదు.

పేరు: ప్రాంతపు ఉదాహరణలు

నమోదుకు మొదట కావలసింది పేరు. ఈ ప్రాంతపు నాలుగు ప్రసిద్ధ కంపెనీల పేర్లు తెలుగుతో నాలుగు రకాల సంబంధాన్ని చూపుతాయి. కల్లం అంజిరెడ్డి స్థాపించిన డాక్టర్ రెడ్డీస్ లేబొరేటరీస్ 1984 ఫిబ్రవరి 24న ప్రైవేటు కంపెనీగా నమోదై, 1985 డిసెంబరు 6న పబ్లిక్ కంపెనీగా మారింది. దాని నమోదిత కార్యాలయం చాలా కాలం అమీర్‌పేటలోని 7-1-27 నంబరు భవనం. అరబిందో ఫార్మా అమీర్‌పేట మైత్రీవిహార్ చిరునామాతో, హెరిటేజ్ ఫుడ్స్ పంజగుట్టలోని 6-3-541/సి చిరునామాతో, నాగార్జున ఫెర్టిలైజర్స్ పంజగుట్ట నాగార్జున హిల్స్ చిరునామాతో ప్రసిద్ధమయ్యాయి.

'నాగార్జున' తెలుగువారికి బౌద్ధాచార్యుని పేరుగా, కొండ పేరుగా, జలాశయం పేరుగా పరిచయమైనది. రోమన్ లిపి నుంచి తెలుగులోకి తిరిగి వచ్చినా రూపం చెడలేదు. 'హెరిటేజ్' ఇంగ్లీషు మాటే అయినా పాల ప్యాకెట్ మీది పేరుగా ఇళ్లలో చొరబడింది. 'డాక్టర్ రెడ్డీస్' తెలుగింటి పేరు చివర ఇంగ్లీషు షష్ఠీ విభక్తి ప్రత్యయాన్ని తగిలించుకుంది. తెలుగులో రాసినప్పుడు కూడా అది 'రెడ్డి ప్రయోగశాలలు' కాలేదు. ఇంగ్లీషు విభక్తితోనే నిలిచింది. వీటన్నిటిలో ఎక్కువ చెప్పేది నాలుగవ పేరు. తెలుగులో ఆ యోగి పేరు 'అరవిందులు'. తెలుగు పత్రికలలో కంపెనీ పేరు మాత్రం 'అరబిందో'. వంగ ఉచ్చారణను అనుసరించిన రోమన్ రూపం రిజిస్టరులో స్థిరపడింది. తెలుగు ఆ రూపానికి లిప్యంతరీకరణ చేసింది. వ్యక్తికి తెలుగులో ఉన్న పేరు కంపెనీకి వర్తించలేదు. తెలుగు అక్షరాలలో కనిపించే కంపెనీ పేరుకు మూలం తెలుగు కాదని, రోమన్ లిపిలో నమోదైన రూపమని ఈ ఒక్క ఉదాహరణ స్పష్టం చేస్తుంది.

పేర్ల నియమాలు ఈ పరిస్థితిని మరింత బిగిస్తాయి. కొత్త పేరు పాత పేరును పోలి ఉండరాదు. ఉచ్చారణ ఒకటిగా ఉండి వర్ణక్రమం మాత్రమే మారితే దానిని వేరు పేరుగా పరిగణించరు. 'లక్ష్మి' అన్న మాటను తెలుగులో ఒకే విధంగా రాస్తాం. రోమన్ లిపిలో 'క్ష'కు ఎక్స్ అక్షరం వాడేవారున్నారు, కె-ఎస్-హెచ్ వాడేవారున్నారు. తెలుగు లిపి ప్రమాణమైతే ఇది ప్రశ్నే కాదు. రోమన్ లిపి ప్రమాణం కావడం వల్ల నియమం రాయవలసి వచ్చింది. 2014 నియమాలు ఉన్న పేరుకు పూర్తి అనువాదమో లిప్యంతరీకరణో అయిన పేరు గురించి కూడా మాట్లాడాయి. అక్కడ ప్రస్తావనకు వచ్చిన భాషలు హిందీ, ఇంగ్లీషు మాత్రమే.

నమోదైన తరువాత కంపెనీకి 21 అక్షరాంకెల గుర్తింపు సంఖ్య వస్తుంది. డాక్టర్ రెడ్డీస్ సంఖ్య: ఎల్ 85195 టీజీ 1984 పీఎల్‌సీ 004507. మొదటి అక్షరం స్టాక్ ఎక్స్ఛేంజీలో నమోదైనదని, తరువాతి ఐదంకెలు పరిశ్రమను, ఆపై రెండక్షరాలు రాష్ట్రాన్ని, నాలుగంకెలు స్థాపన సంవత్సరాన్ని, మూడక్షరాలు పబ్లిక్ కంపెనీ అన్న విషయాన్ని, చివరి ఆరంకెలు హైదరాబాదు రిజిస్టరులోని వరుస సంఖ్యను చెబుతాయి. రాష్ట్ర విభజనకు ముందు రాష్ట్రాక్షరాలు 'ఏపీ'. ఇప్పుడు 2014లో ఏర్పడిన రాష్ట్రపు గుర్తు, 1984 అనే సంవత్సరం పక్కపక్కన నిలిచాయి. రాష్ట్రం మారితే రికార్డు తనను తాను తిరగరాసుకుంటుందని దీనివల్ల తెలుస్తుంది. భాష విషయంలో మాత్రం ఆ తిరగరాత జరగలేదు.

చిరునామా, పేరు పలక

కంపెనీ నమోదైన 30 రోజులలో దానికి ఉత్తరాలు, నోటీసులు అందుకోగల నమోదిత కార్యాలయం ఉండాలి. అద్దె ఒప్పందం, యజమాని నిరభ్యంతర పత్రం, రెండు నెలలకు మించని కరెంటు లేదా టెలిఫోను బిల్లు అందుకు రుజువులు. హైదరాబాదు పాత మునిసిపల్ పద్ధతిలో ఇంటి నంబరు మూడు భాగాలు: వార్డు, బ్లాకు, ఇల్లు. 7-1 అమీర్‌పేట వైపు, 6-3 పంజగుట్ట, సోమాజిగూడ వైపు అని నంబరును బట్టే నగరం తెలిసినవారు చెప్పగలరు.

2013 చట్టం 12వ సెక్షన్ ప్రకారం వ్యాపారం జరిగే ప్రతి చోట కంపెనీ పేరు, నమోదిత కార్యాలయ చిరునామా బయటికి కనిపించేలా రాయించాలి. వాడిన లిపి ఆ ప్రాంతంలో వాడుకలో ఉన్న భాషది కాకపోతే స్థానిక భాషా లిపిలో కూడా రాయించాలి. 1956 చట్టం 147వ సెక్షన్‌లోనూ ఇదే నిబంధన ఉంది. ఉల్లంఘిస్తే రోజుకు 1,000 రూపాయల చొప్పున లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు. 1913 నాటి నిబంధనతో పోల్చితే ఇంగ్లీషు తప్పనిసరి కాలేదు. ప్రెసిడెన్సీ నగరాల మినహాయింపూ పోయింది. తెలుగుకు గట్టి హక్కు లభించినట్టే కనిపిస్తుంది. అయితే చట్టం వాడిన మాటను గమనించాలి. అది లిపిని అడిగింది, భాషను అడగలేదు. 'ప్రైవేట్ లిమిటెడ్' అన్న మాటలను తెలుగు అక్షరాలలో రాస్తే నిబంధన నెరవేరినట్టే. ఆ మాటల అర్థం చదువరికి తెలియాలన్న షరతు లేదు.

2019లో ప్రతి కంపెనీ తన నమోదిత కార్యాలయం ఛాయాచిత్రాలను, అక్షాంశ రేఖాంశాలతో సహా దాఖలు చేయాలన్న నియమం వచ్చింది. భవనం బయటి భాగం, లోపల కూర్చున్న డైరెక్టరు చిత్రంలో కనిపించాలి. 2022లో చేర్చిన నియమం రిజిస్ట్రారు స్వయంగా తనిఖీకి వస్తే ఆ ప్రాంతానికి చెందిన ఇద్దరు స్వతంత్ర సాక్షులు ఉండాలంటుంది. పేరు పలక చట్టం చెప్పినట్టు ఉంటే, దాఖలైన ఛాయాచిత్రంలో తెలుగు అక్షరాలు కూడా పడాలి. రిజిస్ట్రారు ఫైలులోకి తెలుగు చేరే దారి ఇదొక్కటే: వాక్యంగా కాదు, గోడ మీది బొమ్మగా.

పత్రికా ప్రకటనల విషయంలోనూ చట్టం తెలుగును తలచుకుంటుంది. నమోదిత కార్యాలయాన్ని ఒక రాష్ట్రం నుంచి మరొక రాష్ట్రానికి మార్చాలంటే జిల్లాలోని ప్రధాన భాషలో వెలువడే పత్రికలో ప్రకటన ఇవ్వాలి. ప్రజల నుంచి డిపాజిట్లు సేకరించే ప్రకటనకూ స్థానిక భాషా పత్రిక అవసరం. ఈ సందర్భాలను కలిపి చూస్తే ఒక క్రమం కనబడుతుంది. కంపెనీకి అప్పిచ్చేవాడు, డిపాజిట్ చేసేవాడు, వీధిలో నడిచేవాడు తెలుగువాడని చట్టం ఎరుగును. కంపెనీ పెట్టేవాడు తెలుగు మాత్రమే తెలిసినవాడు కావచ్చునన్న ఎరుక దానికి లేదు. రాష్ట్రం విడిచి వెళ్లే కంపెనీ తెలుగులో ఆ మాట చెప్పాలి. పుట్టే కంపెనీ ఆ పని చేయనవసరం లేదు.

రెండు రిజిస్ట్రేషన్లు

ఇది అనివార్యమైన పరిస్థితి కాదని పక్కనే ఉన్న మరొక రిజిస్ట్రేషన్ సంప్రదాయం రుజువు చేస్తుంది. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 19వ సెక్షన్, అధికారికి అర్థం కాని, జిల్లాలో సాధారణంగా వాడుకలో లేని భాషలో దస్తావేజు వస్తే, జిల్లా భాషలోకి అనువాదం జతపరిచితే తప్ప దానిని నమోదు చేయరాదని చెబుతుంది. ఇక్కడ జిల్లా భాషే ప్రమాణం. అమీర్‌పేట పక్కనే సంజీవరెడ్డి నగర్ సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో ఆస్తి దస్తావేజుకు తెలుగు అడ్డు కాదు. తెలుగు దస్తావేజుకు తనదైన వచనం ఉంది. రాసి ఇచ్చినవారు, రాయించుకున్నవారు, హద్దులు, సాక్షులు, దస్తూరీ అనే క్రమం తరతరాలుగా స్థిరపడింది. చదువు రానివారికి చదివి వినిపించి వేలిముద్ర తీసుకోవడం అందులో భాగం. సహకార సంఘాలు రాష్ట్ర జాబితాకు చెందినవి కావడం వల్ల వాటి ఉపవిధులను తెలుగులో రాసుకునే వీలుంది. 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద ఏర్పడిన పొదుపు సంఘాల మహిళలు తమ నియమాలను తమ భాషలో చర్చించుకోగలిగారు.

అందువల్ల ఒకే భవనంలో రెండు భాషాప్రపంచాలు నెలకొనే వీలుంది. గది అద్దె ఒప్పందం తెలుగులో ఉండవచ్చు. ఆ గదిని నమోదిత కార్యాలయంగా చూపే కంపెనీ పత్రం ఇంగ్లీషులోనే ఉంటుంది. ఆస్తిని ఇచ్చిపుచ్చుకునే భాషగా తెలుగు చట్టానికి సమ్మతం. ఆస్తిని కలిగి ఉండగల కృత్రిమ వ్యక్తిని సృష్టించే భాషగా సమ్మతం కాదు. ఈ తేడాకు భాషాశక్తి కారణం కాదు. ఏ వ్యవహారం ఏ జాబితాలో ఉందన్నదే కారణం.

సంతకం చేసే వ్యక్తి

ఈ చర్చ భాషాభిమానానికి పరిమితం కాకపోవడానికి కారణం సంతకం. 7వ సెక్షన్ కింద ప్రతి సంస్థాపకుడు, ప్రతి తొలి డైరెక్టరు దాఖలు చేసిన పత్రాలన్నింటిలోని సమాచారం తన ఎరుక మేరకు సరైనదని, సంపూర్ణమైనదని, సత్యమని ప్రకటించాలి. తప్పుడు సమాచారంతో నమోదు జరిగినట్టు తేలితే మోసానికి సంబంధించిన 447వ సెక్షన్ వర్తిస్తుంది. దాని కింద శిక్ష పదేళ్ల జైలు వరకు ఉండవచ్చు. వరుసగా మూడు సంవత్సరాలు వార్షిక లెక్కలు దాఖలు కాకపోతే 164వ సెక్షన్ కింద డైరెక్టరు ఐదేళ్లపాటు అనర్హుడవుతాడు. 2017లో కేంద్ర ప్రభుత్వం 2 లక్షలకు పైగా కంపెనీలను రిజిస్టరు నుంచి తొలగించి, 3 లక్షలకు పైగా డైరెక్టర్లను అనర్హులుగా ప్రకటించింది. అటువంటి చర్యలలో చిక్కేవారందరూ కంపెనీని నడిపినవారు కారు. బంధువు అడిగాడని, యజమాని చెప్పాడని సంతకం చేసినవారికీ చట్టం దృష్టిలో అదే బాధ్యత.

2014 కంపెనీల స్థాపన నియమాలలోని 13వ నియమం నిరక్షరాస్యుని గురించి ఆలోచించింది. చదువురాని సంస్థాపకుడు వేలిముద్ర వేయాలి. అతని తరఫున రాసే వ్యక్తి సంస్థాపన పత్రం, నియమావళి చదివి వివరించి, ఆ మేరకు పత్రం మీద రాసి సంతకం చేయాలి. దస్తావేజు సంప్రదాయంలోని 'చదివి వినిపించడం' ఇక్కడ కంపెనీ చట్టంలోనూ ప్రవేశించింది. కానీ తెలుగులో చదువుకున్నవాడు నిరక్షరాస్యుడు కాడు. అతడు తన పేరు రాయగలడు కనుక చదివి వినిపించే నిబంధన అతనికి వర్తించదు. ఏమీ చదవలేనివానికి చట్టం వివరణ ఇప్పిస్తుంది. తెలుగు మాత్రమే చదవగలవానికి ఇప్పించదు. చదువు నేర్చినందువల్ల పోయిన రక్షణ ఇది.

డిజిటల్ సంతకం ఈ ఖాళీని పెంచింది. వేలిముద్రకైనా, కలంతో చేసే సంతకానికైనా మనిషి పత్రం ముందు కూర్చోవాలి. డిజిటల్ సంతకం చిన్న పరికరంలో ఉంటుంది. అది పత్రాలు నింపేవారి దగ్గరే ఉండిపోతే, పేరు గల వ్యక్తి చదవడం మాట అటుంచి, చూడకుండానే పత్రం దాఖలు కావచ్చు.

దీనికి వచ్చే అభ్యంతరం తోసిపుచ్చదగినది కాదు. దేశమంతటికీ ఒకే రిజిస్టరు ఉండాలంటే, పేర్లను పోల్చి చూడాలంటే, బ్యాంకులు, న్యాయస్థానాలు ఒకే పాఠాన్ని ఆధారం చేసుకోవాలంటే ఒక ప్రమాణ భాష కావాలి. రెండు భాషలలో రెండు పాఠాలు ఉంటే అర్థభేదం వివాదాలకు దారితీయవచ్చు. కానీ ప్రమాణ పాఠం ఒకటి, వివరణ పాఠం మరొకటి కావడంలో ఆ చిక్కు లేదు. 1908 చట్టం అనువాదాన్ని జతపరిచే పద్ధతిని శతాబ్దానికి పైగా నడిపిస్తూనే ఉంది.

ముగింపు

కంపెనీ నమోదు చరిత్రలో సమాచారాన్ని అడిగే చట్టం 1850 నుంచి పలుమార్లు మారింది. అధికారి సుప్రీంకోర్టు నుంచి రిజిస్ట్రారుకు, రిజిస్ట్రారు నుంచి మానేసర్‌లోని కేంద్రానికి మారాడు. కాగితం పోయి తెర వచ్చింది. హైదరాబాదులో ఉర్దూ పోయి ఇంగ్లీషు వచ్చింది. మారకుండా నిలిచింది ఒక్కటి: కంపెనీ పెట్టేవానికి ఆ పత్రపు భాష వచ్చునన్న ఊహ. పట్టాభి సీతారామయ్యకు, కెమికల్ ఇంజనీరింగ్‌లో డాక్టరేటు పొందిన అంజిరెడ్డికి ఆ ఊహ సరిపోయింది. ఇద్దరితోనో ఒక్కరితోనో కంపెనీ పెట్టవచ్చునని చట్టమే తలుపు తెరిచిన తరువాత, కనీస మూలధనం షరతును కూడా 2015లో తొలగించిన తరువాత, ఆ ఊహ అందరికీ సరిపోదు.

ఈ పరిశీలన నుంచి మూడు పనులు తేలుతున్నాయి. 13వ నియమంలోని చదివి వివరించే బాధ్యతను పత్రపు భాష తెలియని ప్రతి సంస్థాపకునికీ వర్తింపజేయాలి. ఇంగ్లీషు పాఠమే ప్రమాణమని స్పష్టంగా రాసి, సంస్థాపన పత్రానికి, ప్రకటన పత్రానికి తెలుగు వివరణ పాఠాన్ని జతచేయాలి. పాఠ్యపుస్తకాలలో ఉన్న పదజాలాన్ని ఆ పాఠానికి తగినట్టు సవరించి స్థిరపరచాలి. మొదటి రెండూ ప్రభుత్వం చేయవలసినవి. మూడవది తెలుగు శాఖల పని; దానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. ఆంధ్ర జనసంఘం ఒక శతాబ్దం కిందట ఈ నగరంలోనే, తనకు ఏ అధికారమూ లేని రోజులలో, వర్తకుల కోసం ఆ పని మొదలుపెట్టింది.